మార్కుల కోసం క్రిల్ నూనె కొనకండి



యూనిట్ టెస్ట్ మార్కులు చేతికొచ్చిన వారం పేరెంట్స్ మీటింగులో బయాలజీ టీచర్‌కి ఒక ప్రశ్న తప్పదు. "మేడమ్, చదివింది గుర్తుండటం లేదంటున్నాడు. మెమరీ పవర్‌కి ఏదైనా ఇవ్వమంటారా?" మా అమ్మమ్మల కాలంలో దీనికి జవాబు సరస్వతి ఆకు. తర్వాత నానబెట్టిన బాదంపప్పులు, ఆ తర్వాత చేపనూనె మాత్రలు వచ్చాయి. ఈమధ్య కొందరు ఫోన్‌లో ఫొటో తెరిచి చూపిస్తున్నది క్రిల్ ఆయిల్. ఎర్రగా, దానిమ్మ గింజలా మెరిసే మాత్ర. మామూలు చేపనూనె కన్నా ఖరీదు ఎక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లల చదువు కోసం దీన్ని కొనకండి. నేను డాక్టర్‌ని కాను. మీ పిల్లల డాక్టర్ పరీక్ష చేసి, ఒక కారణంతో రాసిచ్చిన మందు జోలికి నేను రావడం లేదు. ప్రకటన చూసో, పక్క ఫ్లాట్‌వాళ్లు చెప్పారనో కొనే మాత్ర గురించే ఈ మాటలన్నీ. వద్దనడానికి నా దగ్గర రెండు కారణాలున్నాయి. మొదటిది చిన్నది, మీ డబ్బుకు సంబంధించినది. రెండోది పెద్దది. అది మీ పిల్లల సైన్సు పుస్తకంలో ఒక చిన్న బొమ్మగా ఉంది, దాని పక్కన ఒక బాణం గుర్తు ఉంది.

ముందు చిన్నది. మెదడుకు అవసరమని చెప్పే కొవ్వు ఆమ్లం పేరు డీహెచ్ఏ. ఒమేగా-3 కుటుంబంలోది. మెదడులో అది ఉంటుందన్న మాట నిజమే. అలాగని మాత్రగా మింగితే మార్కులు పెరుగుతాయా? ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బడిపిల్లల మీదే దీన్ని పరీక్షించారు. 7 నుంచి 9 ఏళ్ల లోపు వయసుండి, చదవడంలో వెనకబడిన 362 మందిని తీసుకుని, సగం మందికి రోజుకు 600 మిల్లీగ్రాముల డీహెచ్ఏ, సగం మందికి అలాగే కనిపించే ఉత్త మాత్ర 16 వారాలు ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్తోందో పిల్లలకూ తెలియదు, పెద్దలకూ తెలియదు. 2012లో ఫలితం అచ్చయింది. మొత్తం పిల్లల్ని కలిపి చూస్తే చదవడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. వాళ్లలో మరీ వెనకబడిన పిల్లల్లో మాత్రం కొంత మెరుగు కనిపించింది. అమ్మానాన్నలు పిల్లల ప్రవర్తన బాగుపడిందన్నారు. టీచర్లకు అలాంటిదేమీ పెద్దగా కనిపించలేదు. మనం అడిగే జ్ఞాపకశక్తి పరీక్షల్లోనూ అంతే.

ఆ కొద్దిపాటి మెరుగైనా నిలుస్తుందా అని, బాగా వెనకబడిన పిల్లలతోనే మళ్లీ అదే ప్రయోగం చేశారు. 2018లో వచ్చిన జవాబు: అది కూడా కనిపించలేదు. మీరు కొనే క్రిల్ మాత్ర మొత్తం బరువే చాలాసార్లు 500 మిల్లీగ్రాములు. అందులో డీహెచ్ఏ ఒక చిన్న భాగం. 600 మిల్లీగ్రాముల డీహెచ్ఏ చేయలేని పని అది చేస్తుందని నమ్మడానికి నాకైతే కారణం కనబడదు.

ఇంకో సంగతి. ఆ ప్రయోగాల్లో వాడిన డీహెచ్ఏ చేపది కాదు, క్రిల్‌ది కాదు, నాచు నుంచి తీసింది. సముద్రంలో డీహెచ్ఏ తయారుచేసేది కంటికి కనిపించని సూక్ష్మ నాచులే. వాటిని తిన్న జీవాల్లో, ఆ జీవాల్ని తిన్న చేపల్లో అది పోగవుతుంది. అంటే క్రిల్ దీన్ని తయారుచేసే ఫ్యాక్టరీ కాదు, మధ్యలో ఒక గిడ్డంగి.

ఇక పెద్ద కారణం.

మీ పిల్లల పుస్తకంలో ధ్రువ ప్రాంతపు ఆహార గొలుసు వరసగా ఉంటుంది: వృక్ష ప్లవకాలు, వాటి పక్కన జంతు ప్లవకాలు, తర్వాత చేప, పెంగ్విన్, సీల్, చివర తిమింగలం. జంతు ప్లవకాలు అంటే పిల్లలు జూప్లాంక్టన్ అని చదివేవే, సముద్ర ప్రవాహాలతో పాటు కొట్టుకుపోయే చిన్న ప్రాణులు. అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రంలో ఈ గడిలో కూర్చున్న ముఖ్యమైన ప్రాణి క్రిల్. చేప కాదు, రొయ్యకు దూరపు చుట్టం. బాగా ఎదిగినది ఆరు సెంటీమీటర్లు, ఒకటి రెండు గ్రాముల బరువు. సంతలో ఎండురొయ్యలు చూసినవాళ్లకు దాని ఆకారం ఇంకా చెప్పనక్కర్లేదు. ముందు కాళ్లను బుట్టలా చేసి, నీటిని వడకట్టి, సూక్ష్మ నాచును తింటుంది.

ఒక్కటి అంత చిన్నదే గానీ, గుంపుగా చూస్తే లెక్క మారిపోతుంది. మీ మేడ మీద వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఉంటుంది కదా. దట్టమైన గుంపులో అన్ని నీళ్లకు పదివేలకు పైగా క్రిల్ ఉంటాయి. మొత్తం ఎంత ఉండొచ్చని 2009లో శాస్త్రవేత్తలు వేసిన అంచనా సుమారు 38 కోట్ల టన్నులు. ఇంచుమించు భూమ్మీద మనుషులందరినీ తూకం వేస్తే వచ్చే బరువు. ఒక అడవి జంతువు, ఒకే ఒక్క జాతి, అంత బరువు ఉండటం అరుదు.

దాని బతుకు కథ మాత్రం పుస్తకంలో ఉండదు. ఉంటే బాగుండేది. అక్కడి వేసవిలో, అంటే మనకు సంక్రాంతి ముందూ వెనకా, ఆడ క్రిల్ వేల గుడ్లు నీటిలో వదిలేస్తుంది. గుడ్లు కిందికి జారిపోతూ ఉంటాయి, వందల మీటర్లు, చోటును బట్టి కిలోమీటరు దాటి కూడా. ఆ చీకటిలో పొదిగిన పిల్ల అక్కడినుంచి పైకి ఈదుతుంది. గుడ్డులోంచి తెచ్చుకున్న సొన మీదే కొన్ని వారాలు బతికి, వెలుగుండే పైనీటికి చేరాక మొదటి ముద్ద తింటుంది. ఈలోగా వేసవి అయిపోతుంది. చలికాలంలో సూర్యుడు ఉండీ లేనట్టే, నీటిలో నాచు దాదాపు ఉండదు. పెద్ద క్రిల్‌కి ఒంట్లో దాచుకున్న కొవ్వుంది, పిల్లకు అదీ లేదు. దానికి దిక్కు సముద్రం మీద పేరుకున్న మంచు. ఆ మంచు అడుగున నాచు పట్టి ఉంటుంది. తలకిందులుగా ఉన్న పచ్చికబయలు లాంటిది. పిల్ల క్రిల్ మంచు పగుళ్లలో దాక్కుంటూ, దాన్ని గోకి తింటూ వసంతం దాకా నెట్టుకొస్తుంది. మంచు ఆలస్యంగా పట్టినా, త్వరగా కరిగినా ఆ ఏటి పిల్లలు తక్కువగా మిగులుతాయి.

పెద్దవాటి ఉపాయం ఇంకా వింత. ఆస్ట్రేలియాలో ఇకెడా, డిక్సన్ అనే పరిశోధకులు క్రిల్‌కి తిండి పెట్టకుండా చూశారు. 1982లో అచ్చైన వాళ్ల ఫలితాల ప్రకారం 211 రోజులు బతికాయి. ఎలాగంటే, పెంకు విడిచిన ప్రతిసారీ అంతకుముందు కన్నా చిన్నవైపోయాయి. మనం సన్నబడటం లాంటిది కాదు, పొడవే తగ్గిపోవడం. ఇది చెప్పినప్పుడు ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి అడిగాడు, "అయితే చిన్నగా ఉంటే పిల్లో ముసలిదో ఎలా తెలుస్తుంది మేడమ్?" నిజంగానే శాస్త్రవేత్తల్ని చాలాకాలం ఇబ్బంది పెట్టిన ప్రశ్న అది. ఆరోజు సిలబస్ పూర్తి కాలేదు, నాకేం బెంగ లేదు.

ఇప్పుడు మీరే ఒక పరీక్ష రాయండి. తిమింగలాలు క్రిల్‌ని తింటాయి. తిమింగలాల్ని చంపేస్తే క్రిల్ ఏమవుతుంది?

క్లాసులో ఈ ప్రశ్న వేస్తే అన్ని చేతులూ లేస్తాయి. "పెరుగుతుంది!" బాణం గుర్తులు చూస్తే అదే జవాబు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలూ అదే అనుకున్నారు. 20వ శతాబ్దంలో దక్షిణార్ధగోళంలో సుమారు 20 లక్షల తిమింగలాల్ని వేటాడారు. అంటార్కిటికా నీలి తిమింగలాలు నూటికి ఒకటైనా మిగల్లేదు. అవి తినాల్సిన క్రిల్ ఏటా 15 కోట్ల టన్నులు మిగిలిపోతుందని 1970ల్లో ఒక లెక్క వేశారు. ఊరికే పోతోంది కదా, మనం పట్టుకుందామన్న ఆలోచనకు ఆ లెక్క ఊతమిచ్చింది.

కానీ ఆ మిగులు కనిపించలేదు. తినే తిమింగలాలు పోయినా క్రిల్ పొంగిపొర్లలేదు. ఎందుకన్నదానికి ఇప్పుడు ఎక్కువమంది చెప్పే వివరణ ఇనుముతో ముడిపడి ఉంది. దక్షిణ మహాసముద్రంలో నాచుకు కావలసిన మిగతా పోషకాలు పుష్కలం, ఇనుము మాత్రం కరువు. క్రిల్ ఒంట్లో ఇనుము ఉంటుంది. తిమింగలం క్రిల్‌ని తిని, పైనీటిలో విసర్జిస్తుంది. ఆ మలంలో ఇనుము చుట్టూ ఉన్న నీటిలో కన్నా కోటి రెట్లు ఎక్కువని 2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు కొలిచి చెప్పారు. ఆ ఇనుముతో నాచు, ఆ నాచుతో మళ్లీ క్రిల్. పశువుల్ని అమ్మేసుకున్న రైతు పొలంలో ఎరువు తగ్గిపోతే పంట ఏమవుతుందో మన తాతలకు తెలుసు. తిమింగలం మేసే పశువే గాక ఎరువు వేసే పశువు కూడా. పుస్తకంలో బాణం ఒకవైపే ఉంది. సముద్రంలో అది రెండువైపులా తిరుగుతుంది. పరీక్షలో మీ అమ్మాయి "తగ్గవచ్చు, ఎందుకంటే..." అని రాస్తే నేను పూర్తి మార్కులు వేస్తాను. కీ పేపర్ ఏమన్నా సరే.

క్రిల్ ఇంకో పని కూడా చేస్తుంది. పైన తిని, దాని మలం బరువుగా గుళికలై లోతుకు దిగిపోతుంది. దాంతోపాటు నాచు గాలిలోంచి పీల్చిన బొగ్గుపులుసు వాయువులో కొంత సముద్రపు లోతులకు చేరుతుంది. ఇందులో మనకు దక్కే లాభానికి మాత్రల కంపెనీలేవీ డబ్బు కట్టడం లేదు.

ఇక వేట సంగతి. 1970ల్లో సోవియట్ ఓడలు పెద్ద ఎత్తున మొదలుపెట్టాయి. 1980ల మొదట్లో ఏడాదికి ఐదు లక్షల టన్నులు దాటింది. సోవియట్ దేశం విడిపోయాక బాగా పడిపోయి, ఇప్పుడు మళ్లీ ఆ మెట్టుకే ఎక్కింది. ఈసారి ముందున్నది నార్వే, తర్వాత చైనా. కొన్ని ఓడలు వలను పైకి తీయనే తీయవు. నీటిలోనే ఉంచి, గొట్టంతో క్రిల్‌ని ఓడలోకి తోడుకుంటూనే ఉంటాయి. అందులో ఎక్కువ భాగం పొడిచేసి పెంపకపు సాల్మన్ చేపలకు, రొయ్యలకు మేతగా వెళ్తుంది. నూనె తీసేది కొంత. అయితే లాభం ఎక్కువ మిగిల్చేది మీ చేతిలో ఉన్న ఆ ఎర్ర మాత్రే. అందుకే నా గొడవ దానితో.

ఇక్కడ మీలో లెక్కలు తెలిసినవాళ్లు ఆపుతారు. ఎక్కువ వేట జరిగే నైరుతి అట్లాంటిక్ వైపు 2019 సర్వేలో సుమారు 6 కోట్ల 26 లక్షల టన్నుల క్రిల్ ఉందని తేలింది. పట్టుకోనిచ్చేది 6 లక్షల 20 వేల టన్నులు. నూటికి ఒకటి. దానికింత రాద్ధాంతమా?

న్యాయమైన ప్రశ్నే. ఆ సంఖ్యను నేను కొట్టిపారేయను. కానీ వేట సముద్రమంతా సమానంగా జరగదు. ఓడలు ఎక్కడ గుంపులు దట్టంగా, తీరానికి దగ్గరగా ఉంటాయో అక్కడికే వెళ్తాయి. పెంగ్విన్లు, సీళ్లు, ఇప్పుడిప్పుడే తిరిగి పెరుగుతున్న తిమింగలాలు వెళ్లేదీ అక్కడికే. గూటిలో పిల్లను వదిలొచ్చిన పెంగ్విన్ రెండు వందల కిలోమీటర్ల అవతల బోలెడు క్రిల్ ఉందని తెలిసి ఏం చేసుకుంటుంది? ఊళ్లో నీళ్లున్నాయి గానీ మన వీధి కుళాయి కట్టేశారంటే ఎలా ఉంటుందో అలా.

అందుకే 2009లో ఒక నిబంధన పెట్టారు. ఆ 6 లక్షల 20 వేల టన్నుల్ని ఒకే చోట పట్టకుండా నాలుగు ప్రాంతాలకు పంచాలని. దక్షిణ మహాసముద్రపు జీవవనరుల సంరక్షణ కోసం 1980లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం కింద పనిచేసే కమిషన్ ఉంది, దాని కార్యాలయం ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో. అక్కడ ఏ నిర్ణయమైనా సభ్యులందరూ ఒప్పుకుంటేనే. ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. 2024లో ఆ పంపకం నిబంధన గడువు తీరింది, కొత్తదానికి ఏకాభిప్రాయం కుదరలేదు. మరుసటి ఏడాదే, 2025 ఆగస్టు మొదట్లో, సీజన్ ఇంకా మిగిలి ఉండగానే మొత్తం పరిమితి నిండిపోయి వేట ఆపేయాల్సి వచ్చింది. మొత్తం పరిమితిని దాటనివ్వలేదు, అది మెచ్చుకోవాలి. పోయింది దాన్ని పంచి పట్టాలన్న జాగ్రత్త.

ఇదంతా సముద్రం వేడెక్కుతున్న కాలంలో జరుగుతోంది. నైరుతి అట్లాంటిక్ వైపు 1970ల నుంచి క్రిల్ బాగా తగ్గిందని 2004లో ఒక బృందం చెప్పింది. వలల్లో తేడాలు సరిచేసి చూస్తే 1976 నుంచి తగ్గుదలకు ఆధారం లేదని 2018లో ఇంకో బృందం అంది. 2019లో మొదటి బృందం మళ్లీ వచ్చి, క్రిల్ దట్టంగా ఉండే చోటు దక్షిణానికి జరిగిందని, పిల్లల వాటా తగ్గిందని చూపించింది. ఇద్దరూ పాత వలల రికార్డులే తిరగేస్తున్నారు, ఇద్దరూ నిజాయితీగానే వాదిస్తున్నారు. పిల్లలకు సైన్సు ఇలాగే పరిచయం కావాలని నా కోరిక. వాదన తేలకపోయినా ఒకటి మాత్రం వాదన లేకుండా నమోదైంది. ఉపగ్రహాలు చూడటం మొదలైన 1979 నుంచి ఏ చలికాలంలోనూ అంటార్కిటికా చుట్టూ 2023లో అంత తక్కువ మంచు పట్టలేదు. పిల్ల క్రిల్‌కి ఆ మంచే కంచం అని పైన చెప్పాను.

ఆ హోబార్ట్ కమిషన్‌లో భారతదేశం కూడా సభ్యురాలు. తూర్పు అంటార్కిటికా, వెడ్డెల్ సముద్రం ప్రాంతాల్ని రక్షిత ప్రాంతాలుగా ప్రకటించాలన్న ప్రతిపాదనలకు మన దేశం 2021లో మద్దతు తెలిపింది. 2024 మే నెలలో అంటార్కిటికా ఒప్పంద దేశాల సమావేశం జరిగింది మన కొచ్చిలోనే. అంటే ఇది మనకు సంబంధం లేని నార్వే, చైనా గొడవ కాదు. అక్కడ మనకూ ఒక కుర్చీ ఉంది, ఒక్కరు కాదన్నా ఆగిపోయే ఆ గదిలో మన మాటకూ అంతే బరువు. సోషల్ క్లాసులో అంతర్జాతీయ సంస్థల పాఠం వచ్చినప్పుడు పిల్లలతో దీని గురించి మాట్లాడమని మా సోషల్ టీచర్లను కూడా అడిగాను.

మరి పిల్లలకు ఏం పెట్టాలి? చేపలు తినే ఇల్లయితే ఒమేగా-3 కోసం అంటార్కిటికా దాకా వెళ్లక్కర్లేదు. మన కోస్తా బజార్లలో దొరికే కవళ్లు, కానగంతలు చవక, వాటిలో అది దండిగా ఉంటుంది. కానగంత గురించి ఒక ముచ్చట, మీ పిల్లలకు చెప్పండి. 1803లో పాట్రిక్ రస్సెల్ అనే ఆయన విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల మీద పుస్తకం వేశాడు. ఈ చేపకు మనవాళ్లు పిలిచే పేరే రాసుకున్నాడు. ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే దాన్నే శాస్త్రీయ నామంలో ఉంచేశాడు. ఇవాళ ప్రపంచమంతా దాన్ని రాస్ట్రెల్లిగర్ కానగుర్త అనే రాస్తుంది.

శాకాహారులైతే అవిసె గింజలు మంచివే, వాటిలో ఉన్నది వేరే రకం ఒమేగా-3. అందులో డీహెచ్ఏగా మారేది చాలా కొంచెమే. నిజంగా డీహెచ్ఏ అవసరమని డాక్టర్ అంటే నాచు నుంచి తీసినది ఉందా అని అడగండి. ఉంది, దొరుకుతుంది. క్రిల్ మాత్ర మాంసాహారమని కొందరికి తెలియదు, డబ్బా మీద బ్రౌన్ గుర్తు చూసుకోండి. ఇంట్లో ఎవరికైనా రొయ్యలు, పీతలు పడకపోతే ఇదీ పడకపోవచ్చు. చాలా డబ్బాల మీద ఆ హెచ్చరిక ఉంటుంది, మడత పడే చోట, అతి చిన్న అక్షరాల్లో.

ఇంకో చిట్కా. కొన్ని డబ్బాల మీద ముందువైపు "మెరైన్ ఒమేగా" అనో "ఓషన్ ఆయిల్" అనో మాత్రమే ఉంటుంది, క్రిల్ అన్న మాట ఉండదు. వెనక్కి తిప్పి పదార్థాల జాబితాలో యూఫాసియా సుపర్బా అన్న పేరుందేమో వెతకండి. అంటార్కిటికా క్రిల్ శాస్త్రీయ నామం అదే. మీ కళ్లకు ఆ అక్షరాలు ఆనకపోతే పిల్లల్ని చదవమనండి.